నా సైకిలు ముట్టద్దు

శివరాజూ,

లేచినాక తిను. రొట్టెలు డబ్బాలో ఉండాయి, వంకాయ పల్యం పొయ్యి మింద ఉండాది. వాన పడితే దండెం మింద బట్టలు లోపలెయ్. ఇంగ నా సైకిలు మాత్రం ముట్టద్దు.

వానాకాలంలో మడ్‌గార్డులు బిగించమని నీకెవరు చెప్పినార్రా? కప్పగల్లులో పుట్టినోడివి, నాలుగేండ్లు బెంగళూరు తారురోడ్ల మింద తిరిగేసరికి మన నల్లమన్ను మర్చిపోయినావా? నిన్న సగం దారి కూడా పోలేదు, మడ్‌గార్డు లోపల బురద ఇరుక్కొని చక్రం తిరగనే లేదు. పుల్లతో గీకి గీకి ఏడుపొచ్చింది. సైకిలు భుజానేసుకొని తారురోడ్డు దాకా మోసినా. బళ్లారి చేరేసరికి జీన్స్ యూనిట్ గేటు మూసేసినారు. ఈ పొద్దు కూడా లేటయితే ఇంక రావద్దన్నాడు సూపర్‌వైజర్. నువ్వేమో “నీ చీరకు బురద పడకూడదని బిగించినా అక్కా” అంటావు. చీర ఉతికితే బురద పోతాది. పని పోతే నువ్వు తెచ్చిస్తావా?

రెండూ ఊడదీసేసినా.

మహాదేవక్క

పారేసినాననుకోవద్దు. కడిగి తుడిచి బీరువా మింద పెట్టినా, ఎండలొచ్చినాక నువ్వే బిగించు. వెనకదాని మింద నా పేరు రాయించినావని బురద కడిగినాకనే కనపడింది.