ప్రార్థన గీతం పుట్టుపూర్వోత్తరాలు

రిగ్గై, కువైత్, 10-3-1984

కువైత్ తెలుగు సంఘం కార్యదర్శి సోమేశ్వరరావు గారికి నమస్కారాలు.

ఉగాది సంచిక అచ్చుకు వెళ్లేలోపు ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు. నా వ్యాసం మీద ఎర్ర సిరాతో ‘అబద్ధం’ అని రాసి తిప్పి పంపారు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. అచ్చులో నా పేరు చూడాలని మా అమ్మ ఆశ. చదవడం రాదు, చూస్తుంది.

నేను రాసింది నిజమండి. మన సభల్లో అందరం లేచి చేతులు జోడించి పాడే మీ ప్రార్థన గీతం బాణీ, 1966లో ఇంగ్లండు కుర్రాళ్లు గిటార్లతో పాడిన రాక్ పాటది. అందులో జీతమంతా తాగేసినవాడు తలుపు తియ్యమని పెళ్లాన్ని బతిమాలుతాడు. బీరూట్‌లో అరబ్బీలో పాడినప్పుడు తాగుడు తీసేసి విరహం పెట్టారు. బొంబాయిలో విరహం తీసేసి వాన పెట్టారు. మీరు వాన తీసేసి వినాయకుణ్ని పెట్టారు.

ఇట్లు,
నాగేశ్వరి, టైపిస్టు

తా.క.: ‘తలుపు తియ్యవే’ అన్నచోట ‘కరుణ చూపవా’ బాగా అతికింది.

రుమైథియా, 14-3-1984

చిరంజీవి నాగేశ్వరికి దీవెనలు.

ఆ బాణీ 1979లో, మా స్నానాలగదిలో, నాకే తట్టింది. మన కోహినూరే పట్టుకుపోయినవాళ్లకి ఓ బాణీ లెక్కా? పుట్టకముందే ఎలా పట్టుకుపోతారంటావేమో, వాళ్లు మహా ముందుచూపు గలవాళ్లమ్మా.

నీకు పాడే అవకాశం ఇవ్వలేదని అక్కసు. అర్థమైంది. వెనకాల నిలబడి పాడుకో.

సోమేశ్వరరావు

తా.క.: టీ కప్పులు అందించడానికి ఆడపిల్లలు తక్కువయ్యారు.

రిగ్గై, 17-3-1984

సోమేశ్వరరావు గారికి,

నాకు పాడాలని లేదండి. నా గొంతూ మా ఆఫీసు ఏసీ మోతా ఒకటే. వ్యాసంలో మిమ్మల్ని తప్పు పట్టలేదు. ఆ పాట వేసిన వేషాలన్నిటిలో మీరు వేయించిందే ఘనమని మెచ్చుకున్నాను.

మీ విధేయురాలు,
నాగేశ్వరి

తా.క.: టీ కప్పులు మగవాళ్లు కూడా మోయగలరండి. తేలికే.

రుమైథియా, 20-3-1984

నాగేశ్వరికి,

నన్ను వేషగాడంటావా! కమిటీ తీర్మానం రాస్తున్నాను, విను. ఆ ఇంగ్లీషు పాట చెవులారా విన్న సాక్షిని ఒక్కణ్ని తీసుకురా. నీ వ్యాసం నీ పేరుతో మొదటి పేజీలో వేస్తాం. తేలేకపోతే వేదిక ఎక్కి క్షమాపణ చెప్పాలి. ఖలాస్!

సోమేశ్వరరావు

తా.క.: ఉగాది సభకు ముఖ్య అతిథిగా మీ కంపెనీ మేనేజరు, ఆ ఇంగ్లీషు దొరగారే వస్తున్నారు. ఆయన పక్కన నిలబడి ప్రార్థన నేనే పాడతాను. పరువు తియ్యకు.

రిగ్గై, 24-3-1984

సోమేశ్వరరావు గారికి,

సాక్షి దొరికారండి. మీరే పిలిచారు. ఆ పాటకు డ్రమ్ములు వాయించింది మా మేనేజరు గారే. అప్పట్లో జుట్టు భుజాల దాకా ఉండేదట. ఇప్పుడు ఫొటో చూపిస్తే తప్ప నమ్మలేం. వ్యాసంలో సంగతులన్నీ ఆయన చెప్పినవే.

సభలో సాక్ష్యం చెప్తారా అని అడిగాను. చెప్పడమెందుకు, వాయిస్తానన్నారు. డ్రమ్ముల కోసం మనుషుల్ని పంపారు. ఇంగ్లండులో ఈ పాట ఎత్తుకోగానే జనం లేచి బయటికి పోయేవారట. ఇక్కడ లేచి దణ్ణం పెడతారంటే కళ్లు తుడుచుకున్నారు.

నమస్కారాలతో,
నాగేశ్వరి

తా.క.: ‘కరుణ చూపవా’ దగ్గర మూడుసార్లు తలుపు బాదాలట, అసలు పాటలో అలాగే ఉందట. వినాయకుడి ముందు బాదమంటారా, వద్దంటారా? తలుపు కూడా తెచ్చుకుంటారట. ఈ నెల 29, గురువారం లోపు జవాబు రాయగలరు.