కల్లంలో కాయలు, వరుసలో నా వాక్యం

ఫిబ్రవరి 9, ఆదివారం
"ఇక నీకు పని తగ్గింది అమ్మమ్మా" అంది సింధు. తప్పు. పని తగ్గలేదు, చేతిలోంచి పోయింది.
మిర్చి రైతులకని మనవరాలూ దాని స్నేహితులూ ఉచితంగా చేస్తున్న యాప్. ఓపెన్ సోర్సట, ఎవరైనా చెయ్యి వేయొచ్చట. సలహా పేజీలన్నీ నేను రాసినవే. ఇన్నాళ్లూ ఫోన్‌లో తెరిచి నేనే దిద్దుకునేదాన్ని. ఇవాళ ఓటు పెట్టారు, పేజీలకి పాత టూలా, కొత్తదా అని. పాతదానికి ఒకటే ఓటు. నాది. కొత్తదాంట్లో కామా మార్చాలన్నా అర్జీ పెట్టాలి, ఇద్దరు సరేననాలి.
"పద్ధతిగా ఉంటుంది" అంది సింధు.
హైస్కూల్లో సైన్సు చెప్పినన్నాళ్లూ నేనూ అదే మాట అనేదాన్ని, పిల్లల నోరు మూయించాలనుకున్నప్పుడల్లా.

ఫిబ్రవరి 11
లిఫ్టు ఇంకా బాగవలేదు. ఆపరేషను చేసి పెట్టిన కొత్త మోకాలు, నాలుగో అంతస్తు; దిగలేను. మిర్చి యార్డుకెళ్లే లారీల ఘాటు మాత్రం పైకి వస్తుంది... కూర్చుని తుమ్ముతున్నాను.

ఫిబ్రవరి 12
ప్రత్తిపాడు నుంచి తమ్ముడి కొడుకు శ్రీను ఫోను.
"అత్తా, బస్తాలకెత్తే ముందు కాయల మీద నీళ్లు చల్లమని రాశావేంది?"
నేనా?
తెరిచి చూశా. నేను రాసింది — తెల్లారగట్ల మంచుకి కాయ మెత్తబడ్డాక ఎత్తండి, ఎండలో ఎత్తితే విరిగిపోతుంది. పేజీలు కొత్తదాంట్లోకి మార్చిన హైదరాబాదు కుర్రాడు నవీన్ క్లుప్తం చేశాడు: "నీళ్లు చల్లి మెత్తబరిచి ఎత్తండి." చల్లితే బస్తాలోనే బూజు. ఏడాది కష్టం. కింద నా పేరు మాత్రం క్లుప్తం చెయ్యలేదు.
"చల్లావా ఏందిరా?"
"నేను చల్లలేదులే. పక్క కల్లం వాళ్లు చల్లారు. టీచరుగారు చెప్పిందంటగా అని."

ఫిబ్రవరి 13
సింధు నా దిద్దుబాటు పంపింది. ఒకరు సరేనన్నారు. రెండో సరే చెప్పాల్సింది నవీనే. ఏదో పెళ్లిలో ఉన్నాడు, ఫోనెత్తడు.
"నువ్వే మార్చెయ్యవే."
"రూలు పెట్టిందే నేను. నేనే దాటితే ఎట్లా?"
ఎవరైనా చెయ్యి వేయొచ్చట.

ఫిబ్రవరి 14
ఇంకా వరుసలోనే ఉంది.

ఫిబ్రవరి 15
ఇంకా. రేపు చాలా కల్లాలు ఎత్తేస్తారట.
సింధు బల్ల మీద పెట్టాల్సిన చీటీ, ముందు ఇక్కడ రాసి చూస్తున్నా —
నీ రూలు నువ్వు దాటొద్దు. మెట్లు దిగు, అది నీ వల్ల అవుతుంది. నా వాక్యం పెద్ద అక్షరాల్లో ఓ కట్ట ప్రింట్లు తీయించు. ప్రత్తిపాడు బస్సు కండక్టరు చేతికివ్వు. శ్రీను అక్కడ దించుకుని పురుగుమందుల కొట్ల గోడలకి అంటిస్తాడు. మైదా జిగురు కాచి స్టీలు డబ్బాలో పోశాను, అదీ పంపు. మూత గట్టిగా నొక్కు. డబ్బా తిరిగి పంపమని వాడికి మరీ మరీ చెప్పు.