బటన్ ఫోన్‌లో జొన్నరొట్టె లెక్క

ఆళ్లగడ్డ

నాయనా, ఫెబా వందనాలు. నాకు ఈడ ఏ ఇబ్బందీ లేదు, దిగులు పడొద్దు.

కరోనాతో బడి మూసినాక టచ్ ఫోన్ లేని పిల్లలకు లెక్కలు అందడం లేదని బాధపడ్డాను కదా. నిన్న పొద్దున ఐదారుగురిని బటన్ ఫోన్లలోనే కాన్ఫరెన్స్ కాల్‌లో ఒకేసారి కలిపి పాఠం చెప్పాను! తలా ఒక జొన్నరొట్టె పట్టుకోమన్నాను. సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తే ఎంత అని అడిగాను. తరగతిలో ఎన్నడూ నోరు విప్పని దివ్యశ్రీ ఒక్కసారిగా అరిచింది.

"పావు మేడమ్! నాలుగు పావులు కలిపితే మళ్లా రొట్టె అయితాది!"

టచ్ ఫోన్ లేని పిల్లకు చదువెందుకని, బడి మాన్పిస్తానన్న వాళ్లమ్మ జయలక్ష్మి ఆ పిల్ల పక్కనే ఉంది.

"మేడమ్, నేనూ ఇంటాండా. ఇంగో లెక్క ఇయ్యి, ఈసారి నేను చెప్తా" అంది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాయనా. ఇక బడి మాన్పించదు.

అమ్మ కంట్లో చుక్కలు వేసుకుంటాందా? నంద్యాల నుంచి తమ్ముడు రూబెన్ ఈడికి వచ్చేటప్పుడు సంచెడు చింతగింజలు పంపు. గుణకారాలు నేర్పడానికి ఇంటింటికీ పంచాలి.

రాత్రి ప్రార్థనలో దివ్యశ్రీ పేరు తలుచుకో. వాళ్లమ్మ పేరు కూడా.

నీ బిడ్డ,
ఫెబా