మొదటి కొలత

పాప వాళ్ళమ్మకి,

నేనూ పాపా బాగానే ఉన్నాం. బాగానే అంటే జ్వరాలూ దగ్గులూ లేవని. నిన్న ఫోనులో నువ్వడిగితే డాక్టరమ్మ ఇంకా ఏమీ తేల్చలేదన్నాను. తేల్చేసింది. అప్పుడు పాప పక్కనే కూర్చుని వింటోంది, దాని ముందు మళ్ళీ ఆ మాట అనలేకపోయాను. అదీగాక ఫోను చేతిలోకి వస్తే నాకు నోరు పెగలదని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను. నువ్వు చూసుకునే ఆ ముసలమ్మ గారు పడుకున్నాక తీరిగ్గా చదువు.

పాపని ఆ ఎత్తు పెరిగే మందు పరిశోధనలోంచి తీసేశారు. ఇక ఆ ఇంజెక్షను ఇవ్వరు.

ఆర్నెల్లలో మూడు సెంటీమీటర్లయినా పెరిగిన పిల్లలకే మందు కొనసాగిస్తామని మొదట్లోనే చెప్పారు కదా. మన పిల్లకి రెండే వచ్చాయి. డాక్టరమ్మ మంచి మనిషి. కుర్చీ దగ్గరికి లాక్కుని నాతో కాకుండా పాపతోనే మాట్లాడింది. "నీ ఒంట్లో పెరగమని చెప్పే హార్మోను ఉందమ్మా. నీ ఒళ్ళే దాని మాట వినడం లేదు. ఈ కొత్త మందు చెబితే వింటుందేమో అనుకున్నాం" అంది. పాప ఊరుకుంటుందా? "మా నాన్న మాటే వినను, ఇంక దాని మాటేం వింటాను?" అంది. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఎక్స్‌రే చూపించింది. ఎముకల కొసల దగ్గర నల్లటి గీత ఒకటి ఉంటుంది, అదే పెరిగే చోటు. పాపకి అది పెన్సిలుతో గీసినంత సన్నగా మిగిలింది. అది కూడా మూసుకుపోతే ఆ తర్వాత ఏ మందు ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

ఇంటికొచ్చేసరికి మీ తమ్ముడు పరుపుల వ్యాను మన గుమ్మానికి అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చెప్పులు కూడా విప్పనివ్వలేదు.

"ఎంతొచ్చింది?"

చెప్పాను.

"అంతేనా? పిల్లని ఎలా తీసుకెళ్ళావ్ బావా?"

"ఎలా ఏముంది, బస్సులో."

"అదీ సంగతి! తెల్లారకుండా లేపి, బస్సులో నిలబెట్టి, అక్కణ్ణుంచి నడిపించి, ఉన్న పొడుగంతా కుదించి మరీ తీసుకెళ్ళావు. మోటార్లకి తీగ చుట్టడం తప్ప నీకేం తెలుసయ్యా? మొదటిసారి నేను తీసుకెళ్ళినప్పుడు చూడు. పరుపు మీద పడుకున్న పిల్లని పరుపుతో సహా వ్యానెక్కించా. దారిలో తల ఎత్తనివ్వలా. ఆస్పత్రి మెట్ల దగ్గర ఎత్తుకుని దించితే ఎవరికో ఏదో అయిందనుకుని స్ట్రెచరు తెచ్చారు. ఇంకా మంచిదేగా అని దాని మీదే పడుకోబెట్టా! లేచి నేరుగా కొలబద్ద కింద నిలబడింది నా మేనకోడలు. ఎంత వచ్చిందో చూశావా అప్పుడు?"

కుర్రతనంలో వాడు పోలీసు ఎంపికకి వెళ్ళి, వేలెడు తక్కువయ్యాడని వెనక్కి రావడం నీకు గుర్తుండే ఉంటుంది. మనిషి పడుకుని లేచినప్పుడు కాస్త పొడుగ్గా ఉంటాడు, నిలబడి తిరిగే కొద్దీ తగ్గుతాడు. ఆ కిటుకు తెలిసినవాళ్ళు ఆ రోజు పడుకుని వెళ్ళి గట్టెక్కారట. అది వాడి మనసులో ఇన్నేళ్ళూ ముల్లులా ఉండిపోయింది. కొలత అంటే నెగ్గాల్సిన పరీక్ష అనే వాడి లెక్క. మేనకోడలు తనలా ఓడిపోకూడదనుకున్నాడు.

కానీ ఇక్కడ పెరుగుదలని ఆ మొదటి కొలత నుంచే లెక్కగడతారు. ఆ రోజు రాసుకున్నది పాపకి లేని పొడవు. ఆర్నెల్లలో పాప పెరిగిన దాంట్లో కొంత ఆ లేని పొడవుని పూడ్చడానికే పోయింది. ఎంత పోయిందో ఎవరికి తెలుసు? ఆ తక్కువపడిన సెంటీమీటరు అదేనేమో.

వాడింకా అరుస్తూనే ఉన్నాడు. పాప నా మొహంలోకి చూసింది. దానికీ అర్థమైపోయింది. "మామయ్యా, అరిచి అరిచి గొంతు పోతుంది, పద, సోడా ఇప్పించు" అని వాణ్ణి చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయింది.

సోమవారం కొట్టు తీయను. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి జరిగింది చెబుతాను. మళ్ళీ చేర్చుకుంటారేమో చూద్దాం. అంతవరకు మీ తమ్ముడితో ఏమీ అనకు.

పాప వాళ్ళ నాన్న


పాప వాళ్ళమ్మకి,

నీ ఉత్తరం అందింది. "వాణ్ణి గుమ్మం తొక్కనివ్వకండి, నేనే ఫోను చేసి కడిగేస్తాను" అని రాశావు. ఆ పని చేసేలోపే నీకు అందాలని దీన్ని మీ ఊరొచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. చివరిదాకా చదివాక నీ ఇష్టం.

సోమవారం వెళ్ళాను. బడి మానేసి పాప కూడా వచ్చింది. దాన్ని వరండాలో కూర్చోబెట్టి నేనొక్కణ్ణే లోపలికి వెళ్ళాను. చెప్పాల్సింది దారంతా కూడబలుక్కున్నాను కాబట్టి ఎక్కడా తడబడలేదు. డాక్టరమ్మ అంతా విని కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది.

"ఆ మొదటి అంకెని కొంచెం తగ్గించి రాసుకుంటే సరిపోదా అమ్మా?" అన్నాను.

"ఎంత తగ్గించమంటారు?"

రోజూ జమాఖర్చు రాసుకునేవాణ్ణి. తెలియని అంకె వేసి పేజీ కూడటం నేనూ ఒప్పుకోను.

మళ్ళీ మొదటినుంచి చేర్చుకోమన్నాను. అలా చేరాలంటే ముందు ఆర్నెల్లు ఏ మందూ లేకుండా ఉండాలట. "ఎక్స్‌రే చూశారుగా" అంది. ఆర్నెల్లు ఆగితే ఆ సన్న గీత కూడా మిగలదని అర్థమైంది. మందు పనిచేసిందా లేదా, అదొక్కటైనా చెప్పమన్నాను.

"చేసి ఉండొచ్చు. చెయ్యకపోయీ ఉండొచ్చు. మన పాప విషయంలో ఇక ఎవరికీ తెలియదండీ."

"మన పాప" అంది. నేను గోడ మీది కాలెండరు వైపు తిరిగాను.

తర్వాత ఆవిడే ఇంకో సంగతి చెప్పింది. ఇలాంటి పిల్లలు ఎక్కడెక్కడ వెతికినా కొద్దిమందే దొరుకుతారట. ఇలాగే వదిలేస్తే, మందు పనిచెయ్యని పిల్లల లెక్కలో పాప ఉండిపోతుంది. ఒక్క తప్పు అంకె చాలు, మందే పనికిరాదని పక్కన పెట్టేస్తారేమో. రేపు రాబోయే పిల్లలకి అది అన్యాయం. జరిగింది కాగితం మీద రాసిస్తే పాప అంకెలు మొత్తం తీసేస్తారు. దానివల్ల మనకి ఒరిగేదేమీ లేదని కూడా ఆవిడే చెప్పింది. కాకపోతే ఎవరు చేశారో రాయాలి, అవసరమైతే ఆ మనిషిని పిలిచి అడుగుతారు.

కాగితం తీసుకున్నాను. "పడుకోబెట్టి తీసుకెళ్ళమని నేనే చెప్పాను. తీసుకెళ్ళిన మనిషికి ఎందుకో తెలియదు" అని రాసి సంతకం పెట్టాను. ఆవిడ చదివింది. నన్ను చూసింది.

"ఇది నిజమేనా?"

"కొలత తప్పన్నది నిజమమ్మా."

కాగితాన్ని ఫైల్లో పెట్టుకుంది.

తలుపు పక్కనే నిలబడి అంతా విన్నట్టుంది, బయటికి రాగానే పాప అడిగింది. "రాసిచ్చావా?"

"ఇచ్చాను."

"మామయ్య పేరు?"

"రాయలేదు."

గేటు దాకా నడిచింది. అక్కడ ఆగి, "నువ్వూ అమ్మా నేను పెరిగితే బాగుండు అనుకునేవాళ్ళు నాన్నా. పెరుగుతానని నమ్మింది మామయ్య ఒక్కడే" అంది. పదమూడేళ్ళ పిల్ల అన్న మాట అది. పైగా అది నిజం.

నువ్వు ఫోను చేసి వాణ్ణి కడిగెయ్యగలవు. నీ నోటికి ఎదురు లేదు. కడిగినా ఎక్స్‌రేలో ఆ గీత మళ్ళీ వెడల్పవదు. వాడు మాత్రం ఇక ఈ పిల్ల మొహం చూడలేడు. దాని ఎత్తు ఎలాగూ పోయింది. మామయ్యనైనా మిగలనిద్దాం.

వచ్చేటప్పుడు బస్సులో కండక్టరు దానికి అర టికెట్టు కొట్టాడు. ఎప్పుడూ "నాకు పదమూడేళ్ళు, మనిషిని చూసి కాదు, వయసడిగి కొట్టండి" అని దెబ్బలాడేది కదా, బస్సంతా నవ్వేది. ఆ రోజు టికెట్టు తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పాప వాళ్ళ నాన్న


ఒరేయ్ బావమరిదీ,

నువ్వు లోడు దించడానికి వెళ్ళిన కొట్టు చిరునామాకే రాస్తున్నాను. శుక్రవారం వచ్చి పాపని వ్యానులో పడుకోబెట్టి మళ్ళీ కొలతకి తీసుకెళ్తానని కబురు పెట్టావట. ఆ పని పెట్టుకోకు.

నేను బస్సులో తీసుకెళ్ళడం వల్ల కాస్త తగ్గి ఉంటుంది, కాదనను. నువ్వు తిట్టినదానికి నేనేమీ అనుకోలేదు. కానీ అందువల్ల పోయింది కాదు. డాక్టరమ్మని గుచ్చి గుచ్చి అడిగాను. నువ్వు తీసుకెళ్ళిన రోజు రాసుకున్న కొలత సరైనదే. మందే పాపకి పనిచెయ్యలేదు. కొందరి ఒంటికి పడదట. ఎవరు ఏం చేసినా ఇంతేనట. ఇంకో ఆస్పత్రి, ఇంకో డాక్టరు అంటూ నువ్వు తిరగొద్దు. పిల్ల అలిసిపోయింది. ఇక తనని ఎవరూ కొలవొద్దని చెప్పింది.

మీ అక్క ఫోనులో ముక్తసరిగా మాట్లాడుతోందని బాధపడకు. అది నామీది కోపం. నువ్వు పనులు మానుకుని ఆ రోజు తీసుకెళ్ళబట్టే ఆర్నెల్లయినా మందు దక్కింది. ఆ సంగతి మీ అక్కకీ తెలుసు.

శుక్రవారం మామూలుగానే రా. పాప నీతో ఒక పని ఉందని రాయమంది. పై తరగతిలో బెంచీలు ఎత్తు తక్కువట, వెనక కూర్చుంటే బోర్డు కనబడటం లేదట. బెంచీ మీద వేసుకోవడానికి పరుపు ముక్క ఒకటి కోసి తెమ్మంది. మందంగా ఉండాలట. కూర్చుంటే అణిగిపోనిది చూసి తీసుకురా.

నీ బావ