నేల తాకని టైరు

నరసరావుపేట,
24-11-1986.

మీకు అబిదా సలాములు. మొగుడి పేరు కాగితం మీద రాయకూడదని అత్తయ్య పక్కనే కూర్చుని కాపలా కాస్తోంది. పేరు రాయకపోతే విశాఖపట్నంలో పోస్టుమాన్ ఎవరికిస్తాడని అడిగాను. "కవరు మీద రాసుకోవే. లోపల మాత్రం రాయమాక" అంది. అందుకే పేరు లేకుండా మొదలుపెట్టాను. ఇక్కడ అందరం క్షేమమే. కోపాలు మాత్రం తలా ఒకటి ఉన్నాయి, అవి తర్వాత చెబుతాను. ఆ సముద్రపు గాలికి మీ దగ్గు తగ్గిందో ముదిరిందో దాచకుండా రాయండి.

మీ ఉత్తరం శుక్రవారం అందింది. మీరడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. అత్తయ్య మోకాలి నొప్పి అలాగే ఉంది. నేను తైలం రాస్తుంటే, "టైరనుకున్నావా ఏందే, అట్టా రుద్దుతున్నావ్!" అని వీధంతా వినబడేలా అరుస్తోంది. ఆ గొంతు వింటే మీకు దిగులుండదు. మన హసీనా బడికి పోతోంది. "మా నాన్న పనిచేసే ఉక్కు ఫ్యాక్టరీలో బండి టైరు మా టీచరు కన్నా ఎత్తు" అని క్లాసులో చెప్పి, ఆ టీచరు చేత మొట్టికాయ తిన్నది. నిజమో కాదో మీరే ఒక ముక్క రాయండి, తీసుకెళ్ళి ఆవిడకి చూపిస్తుందట.

ఇక షాపు తాళం. "అన్నయ్యకి తాళమిచ్చి ఇంటిపట్టున ఉండు" అని రాశారు. ఇవ్వలేదు. మిల్లు వెంకటకృష్ణయ్య గారి కారు టైరు మన షాపులో ఎలా చిరిగిందని కూడా అడిగారు. ఈ రెండింటికీ జవాబు ఒకటే. మజీద్ బావగారు మీకేం రాశారో నేను చూడలేదు గానీ, ఊహించగలను. జరిగింది నేను చెబుతాను. సాంతం చదివి, అప్పుడు తిట్టండి.

ఆ కారు మీకు తెలియనిది కాదు. సాగర్ డ్యాం కట్టే రోజుల్లో ఒక దొర దగ్గర వాళ్ళ నాన్న కొన్న ఎర్ర రేసు కారు, టాపు లేనిది, ఇద్దరే పట్టేది. దాని వీపు మీద ఎండలో నిలబెట్టి బిగించిన స్టెప్నీ టైరు కూడా మీకు గుర్తుండే ఉంటుంది. ఏటా ఆయుధపూజకి మిల్లు మిషన్లతో పాటు దానికీ బొట్లు పెడతారు. పెట్టేముందు సొంత మిల్లులో ఆడిన పత్తిగింజల నూనె పట్టించి నిగనిగలాడిస్తారు. తిరిగే నాలుగు టైర్లూ అరిగినప్పుడల్లా బొంబాయి నుంచి తెప్పించి మార్చారు గానీ, స్టెప్నీ మాత్రం దొర ఇచ్చిందే. నేల తాకని టైరుకి వయసేమిటని వాళ్ళ నమ్మకం. కదలకుండా కూర్చుంటే వయసు రాదని ఎవరు చెప్పారో వీళ్ళకి! పైగా రబ్బరుకి నూనె! అన్నం పెట్టి విషం కలిపినట్టు.

ఈ నెల మొదట్లో ఆ కారు ముందు టైరు ఒకదానికి పక్కన బుడ్డ లేచింది. వాళ్ళబ్బాయి పెళ్ళి దగ్గరపడింది, బొంబాయి నుంచి తెప్పించే వ్యవధి లేదు, ఆ సైజు మద్రాసులో కూడా దొరకలేదు. పెళ్ళికొడుకు శేషగిరే కారు తెచ్చి, స్టెప్నీ తీసి ముందుకి వెయ్యమన్నాడు. ఆ పిల్లోడు నిక్కర్ల నాటి నుంచీ మన షాపు ముందే తిరిగినవాడు గదా, ఆ చనువుతో, "అబిదక్కా, పెళ్ళి మాచర్లలో. సుభాషిణిని పక్కన కూర్చోబెట్టుకుని నేనే తోలుకుంటా వస్తా. పిడుగురాళ్ళ దాటినాక వంద కొట్టి చూపిస్తా. పిల్ల జడుసుకోవాల!" అని నవ్వాడు. వాడి నవ్వు చూస్తే ముచ్చటేసింది. వంద అన్న మాట విన్నాక మాత్రం ఆ టైరుని చూడకుండా ఎక్కించబుద్ధి కాలేదు.

వాడు వెళ్ళాక గుడ్డ పెట్టి ఆ నూనె జిడ్డంతా తుడిచాను. పైన కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు అక్కడక్కడా అలాగే ఉన్నాయి. పక్కన బొటనవేలుతో నొక్కితే మాత్రం ఎండాకాలం రేగడి చేను నోరు తెరిచినట్టు పగుళ్ళు విచ్చుకున్నాయి. బావగారిని పిలిచి చూపించాను.

"చూశాన్లే. నాకు కళ్ళు లేవనుకున్నావా?" అన్నారు.

"చూసి కూడా ఎక్కిస్తానంటారేంది బావగారూ?"

"మిల్లు లారీలన్నీ మన కాడికే వస్తన్నయ్. పూజ చేసుకునే టైరు పనికిరాదని పెద్దాయన మొహం మీద ఎవడంటాడమ్మాయ్? మెల్లిగా పొమ్మని పిల్లోడికి చెబుదాం."

"వాడు మెల్లిగా పోతాడా?"

"పోకపోతే వాడి ఖర్మ."

ఖర్మట! టైరు మనం ఎక్కిస్తే ఖర్మ వాడిదెలా అవుతుందండీ? మీ అన్నగారు చెడ్డవాడని నేననను. భయస్థుడు. సాయంత్రం వెంకటకృష్ణయ్య గారే పని చూసుకోవడానికి షాపుకి వచ్చారు. బావగారు బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు నటిస్తుంటే, నేనే ముందుకెళ్ళి చెప్పాను. ఈ టైరు గట్టిది కాదండీ, పెళ్ళికి అంబాసిడర్ పెట్టుకోండని.

"వెంట్రుక కూడా అరగని టైరమ్మా ఇది! శుభమా అని పెళ్ళి పెట్టుకుంటే నీ అపశకునం మాటలేంది? నీ మొగుడుంటే ఇట్టా అనేవాడా? మజీదూ, రేపు మజ్జాన్నానికి ఎక్కించి పంపించు" అని వెళ్ళిపోయారు.

మీరుంటే ఏమనేవారో నాకూ తెలుసుకోవాలనే ఉంది. ఈసారి ఉత్తరంలో దానికి జవాబు రాయండి.

ఇప్పుడు అసలు మాట. మర్నాడు పొద్దున బావగారు టీ తాగడానికి పోయినప్పుడు, రబ్బరు కోసే కత్తి తీసి నీళ్ళలో ముంచి, ఆ టైరు పక్కభాగాన్ని జానెడు పొడవున నేనే కోశాను. చెయ్యి జారి కాదు, తెలిసే. లోపలి దారాలు వేళ్ళకి పొడి పొడిగా రాలాయి. బావగారు వచ్చి చూసి, "కొంప ముంచావు గదమ్మాయ్!" అని కుర్చీలో కూలబడ్డారు. ఆ తర్వాత మిల్లుకి పరిగెత్తి, ట్యూబు మార్చి ఎక్కిస్తుంటే ఇనప పట్టీ తగిలి చిరిగిందనీ, ఆడమనిషి చెయ్యి గదా అనీ చెప్పి, దణ్ణం పెట్టి వచ్చారు. పెద్దాయన కాసేపు తిట్టి, ఆడదాని పని అంతేలే అని వదిలేశారట. పెళ్ళికి అంబాసిడర్ వెళ్ళింది. పిల్లా పిల్లోడూ నవ్వుకుంటూ ఊళ్ళోకి దిగారు.

అక్కడితో ఊరుకుంటే మీకు ఈ గొడవ ఉండేది కాదు. మనసొప్పలేదు. సత్తెనపల్లిలో మా నాన్న పక్కన కూర్చుని పావడాల నాటి నుంచీ టైర్లు విప్పినదాన్ని నేను. నా చేతిలో టైరు చిరిగిందంటే ఆ మాట ఎలా పడతాను? పెళ్ళి సందడి తగ్గాక వాళ్ళింటికి పోయి గుమ్మంలో నిలబడి చెప్పాను.

"టైరు చిరగలేదండీ. నేనే కోశాను. బావగారు భయపడి అబద్ధం చెప్పారు."

"పూజ చేసిన దాన్ని కోశావా?" అని ఆయన లేచి నిలబడ్డారు.

"మీ పిల్లోడి కోసం కోశానండీ. మళ్ళీ తెచ్చినా మళ్ళీ కోస్తాను."

ఆయన అరిచిన అరుపులు రాస్తే ఈ కాగితం చాలదు. ఇకమీదట మిల్లు లారీ ఒక్కటి కూడా మన షాపు గడప తొక్కదన్నారు. కారుతో పాటు వాళ్ళింటికి చేరిన ఆ టైరు తెప్పించి వీధిలోకి విసిరేయించి, "దీన్ని నువ్వే ఊరేగించుకో!" అన్నారు. ఆయన భార్య కనకలక్ష్మమ్మ గారు మాత్రం నా వెనకాలే మెట్లు దిగి, పెళ్ళి లడ్డూల పొట్లం చేతిలో పెట్టి, "మావాడెంత జోరుగా తోల్తాడో కన్నదాన్ని నాకు తెలవదా అమ్మా" అని చటుక్కున లోపలికి పోయింది. లడ్డూలు హసీనా తిన్నది.

ఆ టైరుని నేను వాళ్ళింటి ముందు నుంచి బజారు మీదుగా షాపు దాకా చేత్తో దొర్లించుకుంటూ వచ్చాను. అంగళ్ళవాళ్ళు నవ్వారు. నవ్వనీ! పాపం, పుట్టి బుద్ధెరిగాక అది నేల మీద తిరగడం అదే మొదలు.

మిల్లు లారీలు ఆగిన మాట నిజం. షాపు పలచబడిన మాటా నిజం. బావగారు తాళమడగడం అందుకే. వెంకటకృష్ణయ్య గారి కాళ్ళు పట్టుకుని, మరదలిని ఇంట్లో కూర్చోబెట్టానని చెబితే లారీలు మళ్ళీ వస్తాయట. రావచ్చు. నాకక్కర్లేదు. నిన్న ఆ మిల్లు డ్రైవరే, యల్లమంద, లారీని సందులో ఆపి నడిచి వచ్చాడు. "అమ్మా, మా అయ్యగారికి చెప్పమాక. మా లారీ స్టెప్నీ కూడా కాస్త చూసిపెట్టు. చానా రోజులుగా దాని మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు. బండి మీద కూర్చునేది వాడు గదండీ. చూసి, నిజం చెప్పి పంపించాను.

కాబట్టి తాళం నా కొంగుకే ఉంది, ఉంటుంది. కోపమొస్తే సెలవు పెట్టి వచ్చి నా ఎదురుగా తిట్టండి. బిర్యానీ చేసి పెట్టి మరీ పడతాను. తాళం మాత్రం అడగొద్దు.

వస్తే షాపు గుర్తుపట్టలేక ముందుకి పోతారేమో, ఆనవాలు చెబుతున్నాను. కోసిన ఆ టైరుకి పిడుగురాళ్ళ సున్నం కొట్టి, కోత వీధికి కనబడేటట్టు షాపు ముందు వేలాడదీశాను. దాని మీద ఎర్ర రంగుతో పేరు రాయించాను. మీ పేరు కాదు. మొగుడి పేరు రాయకూడదని అత్తయ్య చెప్పింది గదా! అందుకని నాదే రాయించాను.

ఇట్లు,
మీ మాట వినని మీ భార్య,
అబిదా,
అబిదా టైర్ల షాపు.