ఊదింది ఎవరు

సెప్టెంబరు 3, మంగళవారం. ఉదయం 5:40

ఛీ. పొద్దున్నే మళ్ళీ ఆ గొట్టం నోట్లో పెట్టుకున్నాను.

తాగింది మా ఆయన ఓరిన్. పోస్టు డబ్బాల వరసని గుద్ది, ట్రక్కుని కాలవలో దించింది ఓరిన్. జడ్జి ముందు తల దించుకున్నది ఓరిన్. శిక్ష మాత్రం నాకూ పడింది. మాకు మిగిలిన కారు ఒక్కటే. ఊపిరిలో మందు ఉంటే పట్టేసే ఊదే మిషన్ దానికి బిగించారు. స్కూలు వంటగదిలో పనికి వెళ్ళాలంటే నేనూ ఊదాల్సిందే. గట్టిగా ఊదాలి, మధ్యలో మూలగాలి, అది కూత పెట్టేదాకా ఆపకూడదు. అప్పుడుగానీ ఇంజను కదలదు. ఎదురుగా చిన్న కెమెరా, ఊదిన ప్రతిసారీ ఒక ఫోటో. బుగ్గలు బూరెల్లా ఉబ్బిన నా మొహం ఏ ఆఫీసులో ఎంతమంది చూస్తున్నారో.

గొట్టాలు ఎవరివి వాళ్ళకే. నాది కడిగి కవరులో పెట్టుకుంటాను. అతనిది గేరు పక్కన పడి ఉంటుంది, తడితడిగా. చూడగానే మొహం తిప్పుకుంటాను.

సెప్టెంబరు 10, మంగళవారం

దారి మధ్యలో కూడా అది ఊదమంటుంది. ఈ రోజు సరిగ్గా స్కూలు గేటు దగ్గర అడిగింది. వెనక పది కార్లు. ఊదాను. పక్క కారులోంచి రెండో తరగతి టీచరు చూసి, చూడనట్టు తల తిప్పుకుంది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నేను పాలు కూడా తాగలేదు.

ఇంటికొచ్చి ఓరిన్‌ని కడిగేశాను. నీ మూలంగా నా పరువు పోయింది అన్నాను. సారీ లోరీన్ అన్నాడు. ఏడాదిగా అదే మాట. ఆ మాట విన్నా ఇప్పుడు వెగటే.

సెప్టెంబరు 17, మంగళవారం

మా చెల్లెలు జ్యానెల్ మొగుడు కర్ట్ ఆపిళ్ళ ప్యాకింగ్ షెడ్డులో పెద్ద. ఓరిన్ పాత ఉద్యోగం అక్కడే, లోడు ట్రక్కు నడపడం. ఈ రోజు కర్ట్ మాట ఇచ్చాడు. నవంబరు ఒకటి దాకా ఆ సీటు ఎవరికీ ఇవ్వను, మిషన్ తీయించుకుని రా అన్నాయ్ అన్నాడు. కంపెనీ ట్రక్కులకి మిషన్ పెట్టనివ్వరు, అదీ చిక్కు.

మిషన్ తీయాలంటే చివరి నాలుగు నెలలు ఒక్క ఫెయిలూ ఉండకూడదని జడ్జి రాశాడు. ఒక్కటి పడినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి. ఈ కారులో ఎవరు ఊదినా అది ఓరిన్ పేరునే పడుతుంది. అక్టోబరు 29తో నాలుగు నెలలు నిండుతాయి.

ఓరిన్ సాయంత్రం నుంచీ ఈల వేస్తూనే ఉన్నాడు. యాభై రెండేళ్ళ మనిషి. వినలేక రేడియో పెట్టాను.

సెప్టెంబరు 28, శనివారం

నిద్రపోతుంటే అతని నోరు వాసన చూశాను. కాఫీ.

అక్టోబరు 12, శనివారం. సాయంత్రం 7:30

జరిగింది జరిగినట్టు రాస్తాను, ఇక్కడైనా.

ఈ రోజు జ్యానెల్ ఇంట్లో ఆపిల్ రసం తీశాం. రసం పిండే ప్రెస్ మా నాన్న కొన్నది. ఓరిన్ కాయలు కోశాడు, కర్ట్ మర తిప్పాడు, జ్యానెల్ వడకట్టింది, నేను జగ్గులు నింపాను. మూడు వారాల కింద తీసిన జగ్గులు గ్యారేజీలో పులిసి బుసబుస పొంగుతున్నాయి. వాటిని మేం పెద్దవాళ్ళ రసం అంటాం. నేను నాలుగు మగ్గులు తాగాను. అది మందని నాకు తోచలేదు. మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. బీరు మందు. విస్కీ మందు. ఇది ఆపిల్. మా అమ్మ జన్మలో చుక్క ముట్టలేదని ఆమె సమాధి దగ్గర పాస్టరు చెప్పాడు. ఆమె రోజూ పడుకోబోయే ముందు ఈ రసమే ఒక గ్లాసు తాగేది.

ఓరిన్ మంచినీళ్ళే తాగాడు. మూత తీసిన జగ్గు దగ్గరికి కూడా రాలేదు. ఆపిల్ పండుకి కూడా భయమేనా అని నవ్వాను. కర్ట్ కూడా నవ్వాడు.

నాలుగింటికి ఓరిన్ కత్తి జారి ఎడమ అరచెయ్యి తెగింది. నేను తువ్వాలు చుట్టి, పద, ఆసుపత్రికి నేను నడుపుతాను అన్నాను. కారు దగ్గర అతను నా మొహం కేసి చూశాడు. నువ్వొద్దు లోరీన్, ఒంటిచేత్తో నేనే పోనిస్తా అన్నాడు. మన ఇంట్లో తాగుబోతెవరో ఊరందరికీ తెలుసులే, తప్పుకో అన్నాను. కూర్చుని ఊదాను.

ఫెయిల్.

ఓరిన్ నెమ్మదిగా చెప్పాడు. నీళ్ళు పుక్కిలించు, కాసేపాగు, నోట్లో ఉన్నదైతే పోతుంది, ఒంట్లో ఉన్నదైతే ఇంక దాన్ని ముట్టుకోకు అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మందు గురించి ఇతను నాకు పాఠం చెప్పడమా? మిషన్ పాడైంది అని అరిచి మళ్ళీ ఊదాను. ఫెయిల్. మళ్ళీ. ఫెయిల్. అది లాక్ అయిపోయి కీచుమని కూయడం మొదలెట్టింది.

దిగి తలుపు విసిరి కొట్టాను. ఆ కూత ఆపడానికి ఓరిన్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడు జ్యానెల్ పరిగెత్తుకుంటూ వచ్చింది. దానికి కనబడింది అదే. మళ్ళీ మొదలెట్టావా బావా, ఇంకో పదిహేడు రోజులు ఓర్చుకోలేకపోయావా, మా అక్క మొహమైనా గుర్తు రాలేదా అంది. ఓరిన్ నా వైపు చూశాడు. నేను నేల చూశాను. అప్పుడు అతను, అవును, జగ్గులోది కాస్త తాగాను అన్నాడు.

కర్ట్ తన ట్రక్కులో మా ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారంతా ఓరిన్‌ని తిట్టాడు. కర్ట్ ఎన్ని మగ్గులు తాగాడో నాకు తెలుసు, నింపింది నేనే. అతని ట్రక్కుకి ఊదే మిషన్ లేదు. ఓరిన్ చేతికి ఆరు కుట్లు పడ్డాయి.

అక్టోబరు 13, ఆదివారం

ఒంట్లో బాలేదని చర్చికి వెళ్ళలేదు. ఎందుకలా చెప్పావని ఓరిన్‌ని అడిగాను. జ్యానెల్ అప్పటికే నమ్మేసింది, కాదంటే వినేదెవరు అన్నాడు. కాసేపటికి, నువ్వు నోరు తెరుస్తావేమో అనుకున్నా అన్నాడు. కోపంగా కాదు. చలి మొదలైంది అన్నంత మామూలుగా.

రేపు చెప్తాను అన్నాను.

అక్టోబరు 14, సోమవారం

చెప్పలేదు.

అక్టోబరు 16, బుధవారం

కర్ట్ వచ్చాడు. ఓరిన్ ఇంట్లో లేడు. కర్ట్ కూర్చోలేదు. ఇంకే కారణంతోనైనా లెక్క తప్పి ఉంటే వచ్చే మార్చి దాకా ఆగేవాణ్ణి వదినా, ఒట్టు, కానీ మళ్ళీ మందు ముట్టినోడి చేతికి అంత బండి ఎట్లా ఇస్తా, నువ్వే చెప్పు అన్నాడు.

నువ్వే చెప్పు అన్నాడు. ఇంతకంటే ఎవరు అడుగుతారు? మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాఫీ పెట్టనా అన్నాను.

అక్టోబరు 18, శుక్రవారం

లాక్ తీయించడానికి కారుని మిషన్లవాళ్ళ దగ్గరికి ఈడ్పించాం. ఓరిన్ చేతికి కట్టు ఉంది కాబట్టి కౌంటరు దగ్గరికి నేనే వెళ్ళాను. అక్కడ పనిచేసే మరిసోల్ స్క్రీను నా వైపు తిప్పింది. మూడు ఫోటోలు. మూడింట్లోనూ నేనే. బుగ్గ మీద ఆపిల్ పిప్పి, కళ్ళు సగం మూసుకుపోయి, మూడోదాంట్లో పళ్ళు బయటపెట్టి. ఇట్లాంటివి రోజూ చూస్తాం మేడమ్, ఫోటో ఎవరిదైనా లెక్క మాత్రం సారుదే, మళ్ళీ ఒకటో రోజు నుంచి అంది.

ఏడాదిగా అతని గొట్టం చూసి మొహం తిప్పుకున్నాను. ఆ ఫోటోల్లో నా మొహాన్ని చూడలేకపోయాను. అసహ్యం అంటే ఏమిటో నాకు ఇప్పటిదాకా తెలియదు.

కాగితం మీద తీసి ఇవ్వమన్నాను. కర్ట్‌కి చూపిస్తాను. నోరు రాకపోతే కాగితమే చెప్తుంది.

అక్టోబరు 26, శనివారం

కాగితం పర్సులో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కర్ట్ గుమ్మంలోకి వచ్చాడు. ఏంటి వదినా అన్నాడు. పర్సు తెరిచాను. ఇంతలో జ్యానెల్ వెనక నుంచి వచ్చి నన్ను గట్టిగా కౌగిలించుకుంది. ఆ మనిషితో ఎట్లా వేగుతున్నావే అక్కా, నీ స్థానంలో నేనుంటే ఎప్పుడో వదిలేసేదాన్ని అంది.

హాయిగా అనిపించింది. అది రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తాను. ఏడాదిగా అందరూ అలా అంటుంటే నాకు హాయిగానే ఉంది. అతను మానేసి నిటారుగా నిలబడుతుంటే నేను పడ్డ చిరాకంతా అందుకే. అతను తాగుబోతు కాకపోతే నేనెవరిని?

కాగితాన్ని దారిలో పెట్రోలు బంకు దగ్గర చింపి చెత్తలో పడేశాను. చిన్న ముక్కలుగా.

నవంబరు 1, శుక్రవారం

ట్రక్కు ఇంకెవరికో ఇచ్చారు. ఓరిన్ నా గొట్టం కడిగి కవరులో పెట్టి ఇచ్చాడు. అదీ భరించలేకపోతున్నాను.

నవంబరు 3, ఆదివారం

ప్రార్థన మనవుల్లో జ్యానెల్ ఇచ్చిన చీటీ పాస్టరు చదివాడు. మళ్ళీ పడిపోయిన ఓరిన్ కోసం. అతన్ని ఓర్పుతో మోస్తున్న లోరీన్ కోసం. అందరూ ఆమెన్ అన్నారు, ఓరిన్ కూడా. నా గొంతే అందరికంటే గట్టిగా వినిపించింది.