సీలు విప్పని నీలం కారు

అక్కగారింట్లో హాయిగా ఉన్న మా ఆవిడకి,

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే అమ్మా నేనే కాబట్టి పెద్ద విశేషం కాదనుకో. మోకాలి ఆపరేషన్ అయ్యాక మీ అక్క కర్ర సాయం లేకుండా వంటింటి దాకా నడిచిందని రాశావు. చదివి వినిపిస్తే అమ్మ చాలా సంతోషించింది. తొందరపడి మెట్లెక్కొద్దని చెప్పమంది. నేనూ చెప్పానని చెప్పు వదినకి.

నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటింట్లో కుళాయి బాగైంది, ఇప్పుడు బాత్రూములోది కారుతోంది. మొక్కలకి నీళ్ళు పోస్తూనే ఉన్నాను, అయినా ఒకటి ఎండిపోయింది, ఏదో వచ్చాక నువ్వే చూసుకో. బడులు తెరిచే రోజులు కదా, కళ్ళద్దాల షాపులో ఊపిరాడ్డం లేదు. అమ్మ నా వంటకి వంకలు పెట్టడం మానేసింది. అలవాటు పడిందనుకున్నాను, ఆవిడేమో ఓపిక పోయిందంటోంది.

ఇక మీ బావ సంగతి. నీ ఉత్తరంలో సగానికి పైగా ఆయన చిట్టి కార్ల బీరువా గురించే. అద్దాల బీరువాట, అరఅరకీ లైటుట, కారు అడుగు భాగం కూడా కనబడేలా కింద అద్దం పరిచాడట. ఎర్ర కారు ముక్కు మీద ఉన్న పెద్ద దీపాలు ఎందుకో తెలుసా అని నన్నడుగుతావా? రాత్రిపూట కొండదారుల్లో పందేలు నడుస్తాయి కాబట్టి అని నాకు పాఠం చెబుతావా? పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ర్యాలీ కార్లే మనింట్లోనూ ఉన్నాయమ్మా. నువ్వెప్పుడూ వాటిని ‘ఆ బొమ్మలు’ అనే అన్నావు. కాస్త దుమ్ము తుడవమంటే ‘మీ బొమ్మలు మీరే తుడుచుకోండి’ అన్నావు. ఇప్పుడు మీ బావవి మోడల్స్ అయిపోయాయి. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! మెత్తటి బ్రష్షు పెట్టి రోజూ ఆయన కార్ల దుమ్ము దులుపుతున్నానని రాశావు చూడు, అక్కడ ఉత్తరం మడిచి పక్కన పెట్టి, మంచినీళ్ళు తాగొచ్చి మళ్ళీ చదివాను.

కుళ్ళే. నీ దగ్గర దాచేదేముంది. మీ ఇంటికి పెద్దల్లుడు పళ్ళ డాక్టరు, చిన్నల్లుడు కళ్ళద్దాలవాడు. మీ నాన్నగారు పన్ను నొప్పి తగ్గిన ప్రతిసారీ పదిమందిలో ఆయన్ని మెచ్చుకునేవారు. నేను అద్దాలు మార్చి పెడితే మాత్రం ‘పాతవే నయమేమోనయ్యా’ అనేవారు. మీ బావకి ఇంకా జుట్టు కూడా ఊడలేదు.

అలాంటి తోడల్లుడి ముందు నేను తలెత్తుకు తిరిగానంటే ఒక్కదాని వల్లే, ఆ నీలం ఫ్రెంచి ఆల్పైన్ కారు వల్ల. మేమిద్దరం కలిసి ఆ పాత బొమ్మల కొట్టుకి వెళ్ళిన రోజు అక్కడ అవి రెండే మిగిలాయి. ఆ బొమ్మలు చేసిన కంపెనీ అప్పటికే మూతపడింది, మళ్ళీ దొరికేవి కావు. చెరొకటి కొనుక్కున్నాం. ఆయన కౌంటరు దగ్గరే డబ్బా చింపేసి, కారుని ఇటూ అటూ దొర్లించి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. నేను విప్పలేదు. మా కార్ల పిచ్చివాళ్ళలో సీలు విప్పని డబ్బాకి ఉండే మర్యాదే వేరు. విప్పితే అది పదింటిలో పదకొండోది అయిపోతుంది. పైగా అట్టడబ్బా, మూత మీద బొమ్మ తప్ప లోపలిది కనబడదు. అప్పట్నుంచి మనింటికి వచ్చినప్పుడల్లా ఆయన ‘ఇంకా విప్పలేదా తమ్ముడూ’ అనడం, నేను ‘ఎందుకు విప్పుతాను అన్నయ్యగారూ’ అనడం. అప్పుడు ఆయన ముఖం చూడాలి. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఆ ముఖం కోసమే ఆయన్ని భోజనానికి పిలిచేవాణ్ణి.

ఆ డబ్బా ఇస్తే తన బీరువాలోంచి నచ్చినవేవైనా తీసుకోమని ఆయన మళ్ళీ అడిగాడని రాశావు. ‘ఇచ్చేయరాదూ’ అని నువ్వు కూడా వంత పాడావు. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఇంకోటి చెప్పాలి. ఫోన్లో చెబుదామని ప్రయత్నించాను. చేసినప్పుడల్లా నీ వెనకాల మీ బావ నవ్వు వినబడింది. కుళాయి గురించి మాట్లాడి పెట్టేశాను.

అంతకు ముందు ఉత్తరంలో ఒక మాట అడిగావు, ఆయన నీలం కారు తలుపు దగ్గర సన్నటి గీతలూ చిన్న చిన్న పొక్కులూ లేచాయి, ఏమిటవి అని. ఏమీ లేదు, పాత రంగు అలాగే అవుతుంది, బాగా పాలిష్ పట్టి లైటు కిందే ఉంచమను అని రాశాను. అబద్ధం రాశాను. నీ మాట చదవగానే నాకు తెలిసిపోయింది. అది రంగు జబ్బు కాదు, లోహం జబ్బు. పోత పోసేటప్పుడు జింకులో సీసం కలిసిందంటే, కొన్నేళ్ళకి ఆ లోహం లోలోపలే ఉబ్బి, బీటలువారి, బిస్కెట్టులా పొడైపోతుంది. వేడీ తేమా తగిలితే ఇంకా త్వరగా పోతుంది. ఇది మీ బావకి తెలియంది కాదు, నాకు మొదట చెప్పిందే ఆయన. తన కారుకి వచ్చిందంటే ఒప్పుకోలేడు, అంతే. రోజూ జనం నోళ్ళు తెరిపించి పుచ్చిపళ్ళు చూపించే మనిషి!

ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి, ఈల వేసుకుంటూ షాపుకి వెళ్ళాను. ఈ మధ్య అంత సంతోషం ఎరగను. ఇక మిగిలేది నాదొక్కటే అనుకున్నాను.

ఆ సంతోషం ఆదివారం దాకా ఉంది. షాపు మూసి లోపల లెన్సులు సర్దుకుంటుంటే తట్టింది, రెండూ ఒకే కొట్టువి, ఒకే పోతవి కదా అని. ఇంటికి వెళ్ళి డబ్బా తెచ్చి, అద్దాలు అరగదీసే బల్ల మీద పెట్టాను. చాలాసేపు విప్పబుద్ధి కాలేదు. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాను. గలగలమంది.

విప్పాను. రబ్బరు టైర్లున్నాయి, ప్లాస్టిక్ సీట్లున్నాయి, ముందు అద్దం ఉంది. కారు లేదు. నీలం పెచ్చులూ, బూడిదరంగు పొడీ. తలుపొకటి సగం మిగిలితే తీసి పట్టుకున్నాను, వేళ్ళ మధ్యే విరిగిపోయింది.

అప్పుడు నాకేమనిపించిందో రాస్తే నవ్వుతావో తిడతావో. నాది పోయిందే అని కాదు, మీ బావది ఇంకా నిలబడి ఉందే అనిపించింది. బీటలువారితేనేం, చక్రాల మీద ఉంది. పొద్దున్నే కాఫీ తాగుతూ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసుకుంటాడని నువ్వే రాశావు. ఇన్నేళ్ళూ చూసుకున్నాడు. నాది నేను చూసింది పొడైపోయాకే. ఆయన బీరువాకి కుళ్ళాను, జుట్టుకి కుళ్ళాను, నువ్వు బ్రష్షు పట్టుకున్నందుకు కుళ్ళాను, కానీ ఇంత కడుపుమంట ఎప్పుడూ పుట్టలేదు.

అమ్మకి చూపించాను. వేలితో పొడిని అటూ ఇటూ కదిపి, “విప్పి ఆడుకోవాల్సిందిరా” అంది. ఆ రోజు వంట తనే చేసింది.

ఈ ఉత్తరం అందగానే ముందు ఆ నీలం కారుని లైటు కిందనుంచి తీయించు. పాలిష్ వద్దు. చల్లగా, పొడిగా ఉండే చోట పెట్టి, మందు సీసాల్లో తేమ పీల్చుకోడానికి వేసే చిన్న పొట్లాలుంటాయి చూడు, అవి పక్కన పడేయమను. బాగవదు గానీ నెమ్మదిస్తుంది. ఇంకొంతకాలం చేతిలో పట్టుకుని చూసుకుంటాడు. నేను కావాలనే అబద్ధం రాశానని కూడా చెప్పు. నీ నోటితో చెప్పలేకపోతే ఈ కాగితమే ఆయన చేతిలో పెట్టు.

పైన ఒక లైను కొట్టేశాను, కనిపిస్తోంది కదా. నా డబ్బా సంగతి మాత్రం చెప్పకు అని రాశానక్కడ. చెప్పు. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదని చెప్పు. అది విన్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో నాకు రాయకు.

ఆయనకి కష్టంగానే ఉంటుంది. నీ సంగతి నాకు తెలుసు, వెంటనే పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటావు. వద్దు. ఆయన్ని చూసుకోడానికి మీ అక్క ఉంది. నువ్వు బయల్దేరి వచ్చేయ్. నన్నింకా ఎవరూ ఓదార్చలేదు.

ఇట్లు,
నీ దారి చూస్తున్న
కుళ్ళుబోతు మొగుడు